“నయమయ్యాక బడికి పంపుదాం” అనుకోవద్దు

పిల్లల ఓ.పి.లో తల్లులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. “సిస్టరుగారూ, వీడికి నయమయ్యాక బడిలో వేద్దామనుకుంటున్నాం, ఇంకా ఎన్నాళ్ళు పడుతుందండీ?” ఆ బిడ్డకు మాట రాకపోవచ్చు, నడక సరిగా లేకపోవచ్చు, మూర్ఛలు ఉండవచ్చు. వయసు చూస్తే ఏడెనిమిదేళ్ళు. అప్పటికే విజయవాడ, గుంటూరు, హైదరాబాదు ఆసుపత్రులు తిరిగి ఉంటారు. పసరు పోయించి, తాయెత్తు కట్టించి ఉంటారు. బడి గుమ్మం మాత్రం ఎక్కించి ఉండరు.

సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం వంటివి జ్వరంలాగా మందులు వాడితే పోయేవి కావు. వీటికి చికిత్స అంటే చాలావరకు నేర్పించడమే. కూర్చోవడం, గుండీలు పెట్టుకోవడం, తనవంతు వచ్చేదాకా ఆగడం, నలుగురిలో మాట కలపడం. ఇవన్నీ జరిగే చోటు బడి. వైద్యం పూర్తయ్యేదాకా బడి ఆపితే, ఆ వైద్యంలోనే సగం ఆపినట్లు.

చట్టం కూడా పిల్లల పక్షాన ఉన్నది. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో 21 రకాలు చేరాయి. ఆటిజం, చదవడం రాయడంలో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది, తలసీమియా కూడా అందులో ఉన్నాయి. 40 శాతం లేక అంతకు మించి వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య హక్కు. అది ఇంటి దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది కుటుంబం ఎంచుకోవచ్చు. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, ప్రైవేటు బడులలో బలహీన వర్గాలకు కేటాయించిన 25 శాతం సీట్లలో ఈ పిల్లలను కూడా చేర్చారు. “ముందు సర్టిఫికెట్ తెండి, తరువాత చేర్చుకుంటాం” అని ఎవరైనా అంటే వెనక్కి రాకండి. సర్టిఫికెట్ సౌకర్యాలకు కావాలి. బడిలో చేరడానికి బిడ్డ ఉంటే చాలు.

అలాగని సదరం సర్టిఫికెట్ వద్దని కాదు. చాలామంది దానిని పింఛను కాగితంగానే చూస్తారు. శాతం సరిపోక పింఛను రాదని తెలిస్తే, ఆ కాగితాన్ని బీరువాలో పడేస్తారు. బడిలో ఉపకరణాలు, దారి ఖర్చులు, పరీక్షల్లో వెసులుబాటు దానితోనే వస్తాయి. గ్రామ, వార్డు సచివాలయంలో గాని మీసేవలో గాని స్లాటు తీసుకుని, చెప్పిన రోజున ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. పాత చీటీలు, స్కానింగులు, చెవి పరీక్ష రిపోర్టులు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు కూడా తీసుకోండి.

మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు బిడ్డను చూసి, ఏది నేర్పాలో, ఏ బడికి పంపవచ్చో చెబుతారు. నిర్ణీత రోజున ఫిజియోథెరపిస్టు వస్తారు. వినికిడి యంత్రాలు, మూడు చక్రాల బండ్లు ఇచ్చే శిబిరాల కబురు కూడా ముందుగా అక్కడే తెలుస్తుంది. సమగ్ర శిక్షా కింద బిడ్డకు తోడుగా వచ్చేవారికి భత్యం ఉన్నది. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలల స్టైపెండు ఉన్నది. చిన్న మొత్తమే, అయినా అడిగి తీసుకోండి. మంచం దిగలేని బిడ్డకు ఇంటి వద్దే విద్య కోరే వీలు చట్టంలో ఉంది. కాని బడికి రాగలిగిన బిడ్డను, చూసుకోవడం కష్టమని ఆ జాబితాలో వేయడం నాకు నచ్చదు. తల్లిదండ్రులూ దానికి తొందరపడి ఒప్పుకోకండి.

ఇక పైకి కనిపించని ఇబ్బందుల సంగతి. మొద్దు అని పేరుపడిన పిల్లలలో కొందరికి ఉన్నది చెవి జబ్బు. ఉయ్యూరు వైపు నుండి వచ్చిన ఒక పదేళ్ళ బాబు మూడేళ్ళుగా చెవిలో చీముతో ఉన్నాడు, రోజూ కాలువలో ఈత. రెండు చెవుల్లోను కర్ణభేరికి రంధ్రాలు. బడిలో పిలిస్తే పలకడని వెనక బెంచీలో కూర్చోబెట్టారట! చెవికి చికిత్స మొదలుపెట్టి, ముందు బెంచీలో కూర్చోబెట్టమని చీటీ రాసి పంపాము. అప్పటి నుండి పిలిస్తే పలుకుతున్నాడని వాళ్ళమ్మ చెప్పింది.

మన ప్రాంతంలో మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళి చేసుకున్నవారి పిల్లలకు పుట్టు చెవుడు వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అటువంటి ఇంట బిడ్డ పుడితే మొదటి నెలలోనే వినికిడి పరీక్ష చేయించండి. “వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే” అని అత్తగారు అంటే, పరీక్ష అయ్యాక ఆ మాట అనుకుందాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి వస్తాయి. ఆ రోజు బిడ్డను మానిపించకండి.

చెవి, చూపు బాగానే ఉండి, లెక్క నోటితో చెప్పగలిగి, రాయమంటే ఒత్తులు వదిలేసి, చూసి రాయడంలోనూ అక్షరాలు తారుమారు చేసే పిల్లలున్నారు. అది బద్ధకం కాదు, దెబ్బలతో పోదు. కేంద్ర మార్గదర్శకాలలో దీనిని 3వ తరగతిలో లేక 8 ఏళ్ళ వయసులో బడిలోనే గుర్తించాలని ఉన్నది.

పదవ తరగతికి వచ్చేసరికి అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు అవసరమవుతాయి. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే 3 గంటల పరీక్షకు ఇంకో గంట. హాల్ టికెట్ వచ్చాక అడిగితే కుదరదు, సంవత్సరం మొదట్లోనే ప్రధానోపాధ్యాయుల ద్వారా దరఖాస్తు పెట్టించండి. వినికిడి లోపమున్న పిల్లల పై చదువుకు బాపట్లలో ప్రత్యేకంగా ప్రభుత్వ జూనియర్ కళాశాల ఉన్నది.

మూర్ఛలున్న బిడ్డను బడికి పంపాలంటే భయం సహజం. మాత్ర పేరు, వేసే వేళ, మీ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి టీచరుగారికి ఇవ్వండి. మా ఓ.పి.లో అడిగినా రాసి ఇస్తాం. మూర్ఛ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టవద్దు, నోట్లో చెంచా దూర్చవద్దు, తెలివి వచ్చేదాకా నీళ్ళు పోయవద్దు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోను చేయాలి. ఈ నాలుగు మాటలు కూడా ఆ కాగితం మీదే రాయండి.