ఎర్ర రక్తకణానికి పైపొరే ప్రాణం

ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడ దగ్గర సి.సి.ఎం.బి. ఉన్న సంగతి ఉప్పల్, నాచారం వాసులందరికీ తెలుసు. అక్కడ డా. అమితాభ ఛటోపాధ్యాయ వంటి శాస్త్రవేత్తలు కణాల పొరలపైన, ఎర్ర కణంలోని స్పెక్ట్రిన్ అనే ప్రోటీనుపైన పరిశోధనలు చేశారు. పిల్లల వార్డులో మేము చూసే కొన్ని రకాల కామెర్లకూ, ఈ విషయానికీ దగ్గర సంబంధం ఉంది.

పొర ఎలా ఉంటుంది?

ఎర్ర కణం పైపొర రెండు వరసల కొవ్వుతో ఏర్పడుతుంది. అందులో కొలెస్ట్రాల్ కూడా ఉంటుంది. ఆ కొవ్వు పాలమీగడలా పలచనిది, తనంతట తాను నిలవలేదు. అందుకని దాని అడుగున స్పెక్ట్రిన్ వల అల్లుకొని ఉంటుంది. పొరలోని బ్యాండ్-3 అనే ప్రోటీనుకు ఈ వలను ముడివేసేది యాంకిరిన్. ఈ ముడులు గట్టిగా ఉంటేనే 7-8 మైక్రాన్ల కణం సాగి, వంగి, ప్లీహంలోని సన్నని సందుల్లోంచి దూరి, సుమారు 120 రోజులు బతుకుతుంది.

ముడి వదులైతే?

కొందరికి పుట్టుకతోనే ఈ ముడులు బలహీనంగా ఉంటాయి. కొవ్వు పొర ముక్కలుగా ఊడిపోయి, కణం బంతిలా గుండ్రమవుతుంది. వంగలేని ఆ కణాన్ని ప్లీహం పట్టి నాశనం చేస్తుంది. దీనినే హెరిడిటరీ స్పెరోసైటోసిస్ అంటారు. రక్తహీనత, మళ్లీ మళ్లీ కామెర్లు, ప్లీహం వాపు, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు దీని లక్షణాలు. ఎక్కువ కుటుంబాల్లో ఇది తల్లి నుండో తండ్రి నుండో వస్తుంది.

తల్లిదండ్రులకు మా మనవి

కామెర్లన్నీ కాలేయ జబ్బు కాదు. పసరు పోయించడం, చేతికి వాత పెట్టించడం వల్ల ఈ జబ్బు తగ్గదు, విలువైన సమయం పోతుంది. పుట్టిన బిడ్డకు మొదటి రోజుల్లో కామెర్లు ఎక్కువైతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, వెంటనే తీసుకురండి. ఇంట్లో ఎవరికైనా ప్లీహం తీసివేశారా, చిన్నప్పుడే రాళ్ల ఆపరేషన్ జరిగిందా అన్నది డాక్టరుగారికి తప్పక చెప్పండి. రక్తపు స్మియర్, రెటిక్యులోసైట్ కౌంట్, కూంబ్స్ వంటి పరీక్షలతో జబ్బును గుర్తించవచ్చు.

చాలామందికి డాక్టరు సలహాపై ఫోలిక్ ఆసిడ్ మాత్రలు, క్రమంగా చూపించుకోవడం సరిపోతాయి. ఐరన్ లోపం ఉందని తేలకుండా ఐరన్ మాత్రలు వాడకండి. జబ్బు తీవ్రంగా ఉన్నవారికే ప్లీహం తీస్తారు. అదీ సాధారణంగా ఆరేళ్లు దాటాక, ముందుగా టీకాలు వేయించాకే. జ్వరం వచ్చి బిడ్డ హఠాత్తుగా పాలిపోతే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. రాత్రయినా ఆసుపత్రికి తీసుకురండి.