పులుసులో పోగులు

తలుపు పక్కనే ఒక యంత్రం. దాని మీద గిన్నెల బొమ్మలు, కింద డబ్బులు వేసే సందు. కావలసిన బొమ్మ నొక్కి, చీటీ తీసుకుని లోపలికి పోవాలి. టోక్యోలో చాలా రామెన్ దుకాణాల్లో తిండి ఇలాగే మొదలవుతుంది. దాని ముందు మేం ముగ్గురం నిలబడ్డాం. ఒకడిది సిరిసిల్ల, ఒకడిది కోరుట్ల, నాది జగిత్యాల.

"ఏది నొక్కాల్నో జల్ది చెప్పుర్రి, ఎన్క మంది నిలవడ్డరు" అన్నాడు సిరిసిల్ల వాడు.

మా కోరుట్ల దోస్తు ముస్లిం. చాలాచోట్ల రామెన్ పులుసు పంది ఎముకలతో గంటల తరబడి మరుగుతుంది. పైన పరిచే 'చాషు' ముక్కలూ పందివే. కలిసి తిందామని బయల్దేరి, ఒకడు మంచినీళ్లు తాగుతూ కూర్చుంటే అది దావత్ కాదు. అందుకే రైలెక్కి అసాకుసా దాకా వచ్చాం. ఇక్కడ హలాల్ రామెన్ దొరుకుతుంది. పులుసు కోడిది, ముక్కలూ కోడివే.

ఈ పేటకు రావడం మరో విధంగానూ కలిసొచ్చింది. 1910లో ఒజాకి కనిచి 'రైరైకెన్' దుకాణం తెరిచింది అసాకుసాలోనే. రామెన్ కథను చాలామంది అక్కడి నుంచే ఎత్తుకుంటారు. ఆయన వంటవాళ్లను యొకొహామాలోని చైనీయుల పేట నుంచి తెచ్చుకున్నాడు. ఈరోజు ప్రపంచమంతా జపాన్ వంటకమంటున్న ఈ గిన్నె వలస వచ్చినదే. మొదట్లో దాని పేరు కూడా 'షీనా సోబా', అంటే చైనా సేమియా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో బియ్యానికి కటకట వచ్చి, అమెరికా గోధుమలు దిగాక, తోపుడుబండ్ల మీద రామెన్ మళ్లీ లేచింది. ఒసాకాలో చలికి వణుకుతూ ఓ రామెన్ బండి ముందు వరుసకట్టిన జనాన్ని మొమొఫుకు ఆండో చూశాడు. 1958లో నూనెలో వేయించి ఆరబెట్టిన ఇన్‌స్టంట్ రామెన్ తయారుచేశాడు. ఆయన పుట్టింది తైవాన్‌లో. మన కిరాణా కొట్లలో వేలాడే నూడుల్స్ పొట్లాలకు పెద్దన్న ఆ ఇన్‌స్టంట్ రామెనే.

వలస మాట మా మూడు ఊళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. సిరిసిల్ల నేతన్నలు భీవండి దారి పట్టారు. జగిత్యాల, కోరుట్లల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ వెతికినా దొరకదు. ఇప్పుడు కొత్త దారి జపాన్ వైపు పడుతోంది. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పర్యటనలో, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇక్కడి కంపెనీలతో సుమారు 500 ఉద్యోగాలకు ఒప్పందాలు చేసుకుంది. వాటిలో నర్సింగ్, నిర్మాణం, హోటల్ పనులూ ఉన్నాయి. ఆ ఉద్యోగాలకు వచ్చే పిల్లలు దిగిన మొదటి వారంలోనే ఎక్కడో ఒకచోట ఇలాంటి యంత్రం ముందు నిలబడతారు. అప్పుడు పక్కన ఒక దోస్తు ఉండాలని నా కోరిక.

గిన్నెలు వచ్చాయి. పాలలా తెల్లబడ్డ పులుసు, ఉల్లికాడ, సగానికి కోసిన గుడ్డు. కోరుట్ల వాడు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"పొద్దుగాల తాగే పాయ లెక్కనే ఉన్నది భాయ్. కారమే లేదు."

నిజమే. ఎముకను మరిగించి సారం దింపడం మనకూ జపాన్ వాళ్లకూ తెలిసిన విద్యే. తేడా అంతా పిండిలో ఉంది. గోధుమపిండిని 'కాన్సుయ్' అనే క్షారపు నీటితో కలుపుతారు. మన ఇంట్లో శనగల్లో చిటికెడు సోడా వేస్తే మెత్తబడతాయి. ఇక్కడ అదే క్షారగుణం పిండిని బిగిస్తుంది, పసుపు రంగు తెస్తుంది, వేడి పులుసులో వెంటనే నానిపోకుండా కాపాడుతుంది. సిరిసిల్ల వాడి నాయిన సాంచాల (మరమగ్గాల) మీద బతికిన మనిషి. వాడు పుల్లలతో ఒక పోగు పైకెత్తి వెలుతురులో చూశాడు.

"ఎంత లేపినా తెగుతలేదు సూడు. మంచి నూలు."

చుట్టూ జుర్రుమని చప్పుడు. ఇక్కడ అలా జుర్రుకోవడం తప్పు కాదు. వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకెక్కుతుంది. పళ్లెం ముందు చప్పుడు చేస్తే అమ్మ చేతి దెబ్బ తిన్న మేం, కాసేపటికి మొహమాటం వదిలి జుర్రుకున్నాం.

నాకు వెలితిగా తోచింది ఒక్కటే. తిన్నాక కూర్చోవడానికి లేదు. మా జగిత్యాలలో ఒక చాయ్ మీద రెండు గంటలు గడుస్తాయి. దోస్తానా అంటే ఆ రెండు గంటలే. ఇక్కడ బయట జనం కాచుకుని ఉంటారు, గిన్నె ఖాళీ కాగానే లేవాలి. నేను లేవడానికి వెనకాడితే సిరిసిల్ల వాడే భుజం తట్టాడు. "షిఫ్టుల నడుమ తిన్నట్టేరా. పా, బయట మాట్లాడుకుందాం."

సుమిదా నది ఒడ్డున నడిచాం. అప్పుడు వాడి ఫోన్ మోగింది. ఊళ్లో ఇంకా సాయంత్రం. మానేరు పక్క నుంచి అమ్మ గొంతు మాక్కూడా వినిపించింది.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"తిన్ననే. ముగ్గురం తిన్నం."