ట్రాక్టరు బ్యాటరీ సంరక్షణ, మార్పిడి: కడప జిల్లా రైతులకు సూచనలు

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో వర్షాధార శనగ సాగు నేలలో నిలిచిన తేమపైనే ఆధారపడి ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తడానికి తగిన పదును కొద్ది రోజులే నిలుస్తుంది. ఆ రోజుల్లో ట్రాక్టరు స్టార్టు కాకపోతే కలిగే నష్టం బ్యాటరీ ధరకు మించినది. దానికి మూలం తరచుగా అంతకు ముందు వేసవిలోనే ఉంటుంది.

బ్యాటరీ ఎందుకు దెబ్బతింటుంది?

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్‌లు ఉంటాయి. విద్యుత్తు వాడుకున్నప్పుడు సీసపు పలకలపై లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. చార్జింగ్‌తో అది తిరిగి కరుగుతుంది. చార్జి లేకుండా వారాల తరబడి ఉంచితే గట్టి స్ఫటికాలుగా మారి, పలకల సామర్థ్యాన్ని శాశ్వతంగా తగ్గిస్తుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఇక్కడి వేసవిలో నీరు త్వరగా తరిగిపోతుంది. వాడకపోయినా చార్జి తగ్గుతూనే ఉంటుంది.

సంరక్షణ

మూతలు తీయగల బ్యాటరీల్లో నీటి మట్టాన్ని వేసవిలో 15 రోజులకు, మిగిలిన కాలంలో నెలకు ఒకసారి పరిశీలించాలి. పలకలపై సుమారు 10 మి.మీ. ఎత్తున ద్రావణం ఉండాలి. తరిగేది నీరే కాబట్టి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, ఆమ్లం కలపరాదు. పులివెందుల చీనీ, అరటి తోటలకు పారించే బోరు నీటిలో కరిగిన లవణాలు ఉంటాయి. పైరుకు పనికివచ్చినంత మాత్రాన ఆ నీరు బ్యాటరీకి పనికిరాదు.

టెర్మినళ్లపై చేరిన తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన తరువాత వాజిలిన్ పూయాలి. ఆ నీరు సెల్‌లలోకి పోరాదు. ట్రాక్టరును ఎక్కువ కాలం నిలిపి ఉంచితే నెగటివ్ తీగను విప్పి, నెలకు ఒకసారి పూర్తిగా చార్జి చేయించాలి. అయిదు నిమిషాలు ఇంజన్ నడిపితే చార్జి నిండదు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గరలో బీడీ, నిప్పు ఉండరాదు.

మార్చే ముందు పరీక్ష

కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే పూర్తి చార్జి ఉన్నట్లు, 12.2 అయితే సుమారు సగం. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుండి 14.4 వోల్టులు రాకపోతే ఆల్టర్నేటరును, దాని బెల్టును ముందుగా పరిశీలించాలి. దోషం అక్కడ ఉండగా కొత్త బ్యాటరీ వేసినా ఫలితం ఉండదు. పూర్తిగా చార్జి చేసిన తరువాత హైడ్రోమీటరుతో చూసినప్పుడు ఒక సెల్ సాంద్రత మిగిలిన వాటికంటే 0.050 తక్కువగా ఉన్నా, పెట్టె ఉబ్బినా మార్చక తప్పదు.

మార్పిడి

అదే వోల్టేజి, తగిన ఆంపియర్-అవర్ సామర్థ్యం, అదే టెర్మినల్ అమరిక ఉన్నదానిని, తయారీ తేదీ చూసి తీసుకోవాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. తీగలు తారుమారైతే ఆల్టర్నేటరు డయోడ్లు కాలిపోతాయి.

పాత బ్యాటరీని పొలం గట్టున పగులగొట్టడం, ఆమ్లాన్ని నేలపై పారబోయడం తగదు. సీసం నేలలో దశాబ్దాల పాటు నిలిచిపోతుంది. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం దానిని ఇతర చెత్తతో కలపకుండా సేకరణ లేదా పునశ్శుద్ధి చేసేవారికి అప్పగించాలి.

శనగ విత్తనశుద్ధిపై శిక్షణ ఇచ్చే సెప్టెంబరు నెలలోనే రైతులతో బ్యాటరీ పరీక్ష కూడా చేయిస్తే, పదును దొరికిన నాడు గొర్రు ఆగకుండా కదులుతుంది.