రగ్బీ ఆటలో తీర్పరి

ఇంగ్లాండు దేశమందలి రగ్బీ పట్టణపు పాఠశాలలో పుట్టి, ఆ యూరి పేరనే ప్రసిద్ధి కెక్కిన బంతియాటను నేడు అనేక దేశములవా రాడుచున్నారు. మన పాఠశాలలలో ఆడెడు ఫుట్‌బాలునకును దీనికిని గల ముఖ్యభేద మేమనగా, ఇందు బంతిని చేతబట్టుకొని పరుగెత్తవచ్చును. అట్లు పరుగెత్తువానిని ఎదుటిపక్షమువారు పట్టి పడవేయవచ్చును. చేతితో మాత్రము ముందునకు విసరరాదు. వెనుకకో ప్రక్కకో అందింపవలెను. ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు నొక్కినచో దానిని ట్రై యందురు. పూర్వము దీనివలన గోలు తన్నుటకు ప్రయత్నించు హక్కు మాత్రమే లభించెడిది. ఆ ప్రయత్నమే దానికి పేరైనది. ఒకరిపై నొకరు పడియున్న దేహముల క్రింద బంతి గీతకు ఈవల నున్నదో ఆవల నున్నదో చెప్పుట ఎంత కష్టమో పాఠకు లూహింపగలరు. మన చెడుగుడులో కూత విడిచెనా లేదా యను తగవు ఇట్టిదే. కాని యిక్కడ రెండు దేశములు వాదులాడును.

ఈ వాదము మొట్టమొదటి అంతర్జాతీయపు టాటతోడనే పుట్టినది. 1871 మార్చి 27వ తేదీన ఎడింబరో నగరమున స్కాట్లాండువారును ఇంగ్లాండువారును పక్షమునకు ఇరువదిమంది చొప్పున ఆడిరి. స్కాట్లాండువారు మూకుమ్మడిగా త్రోసికొనిపోయి గీత దాటించి బంతిని నొక్కిరి. ఇంగ్లాండువారు గట్టిగా ఆక్షేపించిరి. అంపైరుగా నుండినవాడు లోరెట్టో పాఠశాల ప్రధానోపాధ్యాయుడగు ఆల్మండు. ఆయన ట్రై నిచ్చెను. దానివలన వచ్చిన గోలుతోనే స్కాట్లాండు గెలిచెను. ఆ తీర్పు నిజముగా సరియైనదో కాదో తనకు తెలియదని ఆయనయే తరువాత వ్రాసెను. అంతటితో నాగక, సందేహము కలిగినపుడు ఎక్కువ కేకలు వేయు పక్షమునకు ప్రతికూలముగా తీర్పు చెప్పవచ్చుననియు, తప్పు బహుశః వారిదే యగుననియు చేర్చెను. ఇది న్యాయశాస్త్రమునకు సరిపడునో లేదో మేము చెప్పజాలము గాని, తరగతులను అదుపులో నుంచి పండిన అనుభవము ఇందు కనబడుచున్నది.

1884లో ఈ రెండు దేశములకే మరల తగవు వచ్చెను. స్కాట్లాండు ఆటగా డొకడు బంతిని చేతితో వెనుకకు తట్టగా, ఇంగ్లాండువారు దానిని గైకొని ట్రై చేసిరి. అట్లు తట్టుట తప్పు గనుక ఆట అక్కడనే నిలువవలెనని స్కాట్లాండువారి వాదము. తప్పు చేసినది మీవారే, దాని లాభము మీకే రావలెనా యని ఇంగ్లాండువారి ప్రశ్న. మాకు చూడగా ఈ ప్రశ్నకు జవాబు లేదు. మరుసటి యేడు ఈ రెండు దేశములు ఆడనేలేదు. 1886లో స్కాట్లాండు, ఐర్లాండు, వేల్సు దేశములు కలిసి అంతర్జాతీయ సంఘమును స్థాపించెను. ఇంగ్లాండు 1890లో గాని అందు చేరలేదు. ఈ యుభయులు పోటీపడు కప్పు మన కలకత్తానుండి పోయినదే. అచ్చటి ఫుట్‌బాల్ క్లబ్బు మూతపడునపుడు బ్యాంకులోని రూపాయలను తీసి, వాని వెండిని కరగించి చేయించిన పాత్ర యది.

అన్నిటికంటె పేరుమోసిన తగవు కార్డిఫ్ నగరమున 1905 డిసెంబరు 16న జరిగినది. ఎదురులేక సాగుచున్న న్యూజీలాండు జట్టును చూచుటకు సుమారు 47,000 మంది చేరిరి. న్యూజీలాండువారు తమ హాకా నృత్యము చేయగా, వేల్సువారు తమ జాతీయగీతము నెత్తుకొనిరి. సభ యంతయు గొంతు కలిపెను. మార్గన్ అను నతడు చేసిన ఒక్క ట్రైతో వేల్సుకు మూడు పాయింట్లు వచ్చెను. తరువాత న్యూజీలాండు ఆటగాడు డీన్సు గీతపై పడెను. రిఫరీ డల్లాసు వెనుకబడి యుండెను. అతడు వచ్చి చూచునప్పటికి బంతి గీతకు ఈవలనే యున్నది. ట్రై ఈయలేదు. తాను ఆరంగుళములు ఆవల నొక్కితిననియు, రిఫరీ రాకమునుపు తన్ను వెనుకకు లాగిరనియు డీన్సు ఒక పత్రికకు తంతి పంపెను. ముప్పదియైదు ఆటల ఆ పర్యటనలో న్యూజీలాండు ఓడిన దదొక్కటే. డీన్సు 1908లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున మరణించెను. తగవు మాత్రము నిలిచినది.

2001 మొదలుకొని చలనచిత్రమును మరల చూచి చెప్పు అధికారిని నియమించిరి. తగవు తీరునని తలచినవారికి 2007 అక్టోబరు 6 సమాధానము చెప్పెను. అదే కార్డిఫ్‌లో ఫ్రాన్సు చేసిన ట్రైకి ముందు బంతి ముందునకు విసరబడినది. రిఫరీ వేన్ బార్న్సు చూడలేదు. ఆనాటి నియమములు ఆ సంగతి నడుగనీయవు. న్యూజీలాండు 18–20తో నోడెను. 2015లో ట్విక్కెన్‌హామునందు ఆస్ట్రేలియాకు చివరి నిమిషములలో ఈయబడిన పెనాల్టీతో స్కాట్లాండు 34–35తో నోడెను. అది పెనాల్టీ కాదని మరునాడు ప్రపంచ సంఘమే ప్రకటించెను. అంకెలు మారలేదు.

బార్న్సు 2023 అక్టోబరు 28న పారిసు చెంత ప్రపంచపు కప్పు తుదియాట నడపెను. దక్షిణాఫ్రికా 12, న్యూజీలాండు 11. న్యూజీలాండు నాయకుని మైదానమునుండి పంపివేసిరి. వారి ట్రై యొకటి చిత్రమును చూచి కొట్టివేసిరి. ఆ యాటతోనే ఆయన విరమించెను. తన భార్యకును బిడ్డలకును బెదిరింపులు వచ్చినవని పిదప వెల్లడించెను.