ముంబయి నగరమున స్త్రీల రాకపోకలు

ముంబయి నగరమునకు బోవు మన సోదరీమణు లనేకులు ఇతరులు త్రిప్పిన చోటులే తిరిగి, వారికి తీరిక లేనినాడు ఇంటనే కూర్చుండి మరలి వత్తురు. ఇది మిక్కిలి విచారకరము. స్త్రీ యొంటరిగ రాకపోకలు సలుపుట కింత యనుకూలమగు మహానగరము మనదేశమున నరుదు.

ఊరు సముద్రములోనికి జొచ్చిన సన్నని నేల. కాన రైలుమార్గములును దక్షిణోత్తరముగనే సాగును. చర్చిగేటునుండి పశ్చిమమార్గమును, పూర్వము విక్టోరియా టెర్మినసని పేరొంది 1996లో ఛత్రపతి శివాజీ నామము దాల్చిన స్టేషనునుండి మధ్యమార్గమును, హార్బరు మార్గమును బయలుదేరును. మొదటి రెండును దాదరువద్ద కలియును. హైదరాబాదు బండ్లు కొన్ని ఛత్రపతి శివాజీ స్టేషనువఱకు బోవును. విశాఖపట్టణమునుండి వచ్చువానిలో కొన్ని కుర్లా చేరువనున్న లోకమాన్య తిలక్ టెర్మినసునందే నిలిచిపోవును. కావున బంధువుల యిల్లే మార్గమున నున్నదో బయలుదేరుటకు ముందే తెలిసికొనవలెను.

బండ్లలో 'స్లో' యనియు 'ఫాస్టు' అనియు రెండు తెగలు గలవు. దాదరునుండి మహాలక్ష్మీ దర్శనమునకు బోవువారు స్లోబండియే యెక్కవలెను. ఫాస్టుబండి యెక్కితిరా, మహాలక్ష్మీ స్టేషను కన్నులయెదుటనే దాటిపోవును!

ప్రతి లోకలు బండికిని స్త్రీల పెట్టెలు ప్రత్యేకముగ గలవు. ప్లాట్‌ఫారముపై స్త్రీలు గుంపుగ నిలిచినచోటనే మీరును నిలువుడు. ఆ పెట్టె అచ్చటికే వచ్చును. 1992లో చర్చిగేటునుండి బండి యంతయు స్త్రీలకే యగునట్లు 'లేడీస్ స్పెషల్' నడపిరి. బండి యాగునది అరనిమిషమైన నుండదు. పసిబిడ్డను చంకనెత్తుకొని, పెద్దపిల్లను ముందెక్కించి, తల్లి వెనుక నెక్కవలెను. దిగవలసిన స్టేషనుకు ముందుగనే లేచి, ద్వారము ఏ ప్రక్కకు వచ్చునో యడిగి సిద్ధముగ నుండవలెను.

ఇక నా పెట్టెలోని యాచారము ముచ్చటైనది. కూర్చున్నవారిని "ఎక్కడ దిగెదరు?" అని ముందుగ నడిగినవారికే, వారు దిగినపిదప నా చోటు చెల్లును. దీనికి తగవులును గలవు, స్నేహములును గలవు. ముగ్గురు కూర్చుండు బల్లపై నాలుగవ యామెకు అంచున చోటిచ్చుటయు వాడుకయే. కూరగాయలు తరుగుకొనువారు, పాటలు పాడువారు, జోళ్ళు పిన్నులమ్మువారు — ఆ సంసారమంతయు చూడవలసినదే.

ఉదయము దక్షిణమునకును, సాయంకాల ముత్తరమునకును జనము విరుగబడును. పదునొకండు గంటలు దాటినపిదప బయలుదేరి, నాలుగింటిలోపల మరలుట కొత్తవారికి మేలు. వంతెనలపై త్రోపులాటకు లోనుగారాదు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను వంతెనపై జరిగిన త్రొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా మృతినొందిరి. జనము క్రిక్కిరిసియున్నచో ప్లాట్‌ఫారముననే పది నిమిషములు నిలిచిపోవుటయే యుక్తము. త్వరపడి పట్టాలు దాటుట యెన్నడును కూడదు.

మెట్లెక్కలేని అత్తగారు వెంటనున్నచో, ఆరే కాలనీనుండి కఫ్ పరేడువఱకు 2025 అక్టోబరున పూర్తియైన భూగర్భ మెట్రో సుఖము. ఆటోలు బాంద్రా, సయానులకు దక్షిణమున నడువవు. అచ్చట నలుపు పసుపు టాక్సీలే గతి. అవి మీటరుపై నడుచును గాన బేరముతో పనిలేదు. కూర్చున్నంతనే మీటరు వేయుమని చెప్పిన జాలును.