రాయలసీమ రాతియిండ్లు

గుడికిని కోటకును చరిత్ర కలదని యెల్లరును ఒప్పుకొందురు. రైతు కట్టుకొన్న రాతియింటికి, దాని ప్రహరిగోడకు, పసులకొట్టమునకు కూడ చరిత్ర కలదన్నచో ఆశ్చర్యపడువారే పెక్కుమంది. ఈ భేదభావము వలన రాయలసీమలో ఒక గొప్ప గృహనిర్మాణ సంప్రదాయము మన కన్నులయెదుటనే రూపుమాయుచున్నది. గుడులను కాపాడుకొనుచున్న జాతి తన యిండ్లను రాళ్ళవెలకు అమ్ముకొనుట యుక్తమా యని మేము అడుగదలచితిమి.

కడప, కర్నూలు, అనంతపురము సీమలలో రాతికి కొదవ లేదు. కడప జిల్లాలోని నార్జి గ్రామము పేరనే భూగర్భశాస్త్రజ్ఞులు అచటి సున్నపురాతి పొరను పిలుచుచున్నారు. ఈ సీమ శిలలను గూర్చి విలియం కింగు వ్రాసిన గ్రంథము 1872 లోనే వెలువడినది. బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతముల నాపరాయి పలకలు పలకలుగా చీలును. ఆ బండలే ఇంట పఱపులైనవి, గూళ్ళైనవి, నీళ్ళతొట్లైనవి. నిలువున పాతినచో దొడ్డికి కంచెయైనవి. బండి పోయివచ్చునంత దూరములో దొరకు వస్తువులతోనే ఇల్లు ముగిసెడిది. స్వదేశీ యను మాట పుట్టకముందే మన గ్రామము స్వదేశీవ్రతమును పాటించినది.

ఆ కట్టడములోని వివేకము గమనింపదగినది. గోడకు రెండు ముఖములందును రాయి, నడుమ చిన్నరాళ్ళును మన్నును. అట్టి దళసరి గోడను మధ్యాహ్నపు టెండ దాటి లోనికి వచ్చుసరికి ప్రొద్దు క్రుంకును. రాత్రులందు ఇంటివారు మిద్దెపై పరుండెడివారు. దూలములపై దంతెలు, వానిపై బండలో చెక్కలో పఱచి, ఆపై మన్ను దట్టించి, అన్నిటిపైని చౌడు వేయుదురు. తడిసిన చౌడు బిగిసి నీటిని లోనికి దింపదు. కనుకనే తొలకరికి ముందు ఏటేట క్రొత్త చౌడు పోయుట ఆచారమైనది. వెలుతురునకు, పొగపోవుటకు మిద్దెలో గవాక్షము, వాననీటికి దోనెలు.

ఇల్లనగా నాలుగు గోడలు మాత్రమే కాదు. ముంగిట ఎడ్లను కట్టు చోటు, దానికంటె మెట్టెడెత్తున మనుష్యులుండు చోటు, వెలుపల గడ్డికి వామిదొడ్డి, జొన్నలకు పాతర, పెరటిలో బావి, వీని నన్నిటిని చుట్టి ప్రహరిగోడ. ఇది యంతయు సేద్యమునకై యేర్పడిన యొక్క యంత్రము వంటిది. దొడ్డిని అమ్మి ఇంటిని మాత్రము నిలుపుట చక్రములు తీసి బండిని దాచుకొనుట వంటిదే.

శ్రీశైలము జలాశయపు ముంపు మనకొక పాఠము నేర్పినది. 1981 నాటికి కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో దాదాపు నూఱు గ్రామములు ఖాళీ చేయవలసివచ్చెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి అలంపురమునకు తరలించి తిరిగి నిలిపిరి. ఆ పని మెచ్చదగినదే. కాని ఆ గుడికి దీపము పెట్టిన జనుల యిండ్లకు కొలతలైనను తీసి యుంచవలెనన్న తలంపు ఎంతమందికి కలిగినది? వానికి నష్టపరిహారపు లెక్క యున్నది. చరిత్రలో చోటు లేదు.

ఇప్పుడు ముంపు లేని యూళ్ళలో సైతము అదియే జరుగుచున్నది. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినవి. అన్నదమ్ముల పంపకములలో ఇంటి నడుమ గోడ లేచును. ఒకరి పాలు కూలును. చెక్కడపు ద్వారబంధములు నగరపు మేడలకు అలంకారములగును. పాతయింట చీకటియు తేళ్ళును గలవనియు, పసులతో ఒకే కప్పు క్రింద నుండుట ఆరోగ్యము కాదనియు చెప్పువారి మాట నిజమే. వెలుతురుకై కిటికీ పెట్టుకొనవచ్చును, పసులను వేఱుకొట్టమునకు మార్చవచ్చును. అంతమాత్రమునకు ఇల్లే కూల్చనక్కఱలేదు. మఱమ్మతు పేర మంటిపనిపై సిమెంటు పూయుట అంతకంటెను చెఱుపు: గోడలోని చెమ్మ వెలికి రాలేక లోని మన్నును కరగించును. సున్నపుపూతయే దానికి తగినది.

మన 1958 నాటి కేంద్రశాసనము నూఱేండ్లకు తక్కువ కాక, జాతీయప్రాముఖ్యము గల కట్టడములను ఉద్దేశించినది. పల్లెయిల్లు ఆ వరుసలో నిలుచుట దుర్లభము. ఇంగ్లండులో నన్ననో, పట్టికకెక్కిన యింటి యావరణలో 1948 జులై 1వ తేదీకి ముందునుండి యున్న తోటగోడలకు, కొట్టములకు గూడ ఆ యింటితో పాటు రక్షణ కలదు. మనల నేలిన వారి దొడ్డిగోడకు గల మన్నన మన తాతల దొడ్డిగోడకు లేకపోవుట స్వతంత్రజాతికి తగదు.

ప్రభుత్వము జిల్లావారీగా ఇట్టి యిండ్లను, వాని యావరణములతో సహా, పట్టికకెక్కింపవలెను. 2008లో నెలకొన్న విజయవాడ వాస్తువిద్యాలయము వంటి సంస్థల విద్యార్థులను గ్రామములకు పంపి కొలతలు, పటములు వ్రాయింపవలెను. కాని శాసనము వచ్చువఱకు గోడలు ఆగవు. అందుచే ఇండ్లుగల భూస్వాములకే మా ముఖ్యమైన మనవి: పంపకములలో ఇంటిని తునియలు చేయక ఒకరి పాలికి నిలుపుడు, ఈ తొలకరికి ముందు మిద్దెపై చౌడు వేయింపుడు. ఆ పని యెఱిగిన వృద్ధులు ఇంకను కొందఱున్నారు. ఒక పడుచువానిని వారి ప్రక్కను నిలిపి పని నేర్పింపుడు. రాయి ఎన్నాళ్ళైనను నిలుచును. చేతిపని ఒక తరము తప్పినచో మరల రాదు.