బటన్ నొక్కినా చప్పుడు లేదా? మీటరు తీయండి

230, 12, 5, 3.3, 3. మొరాయించిన డెస్క్‌టాప్‌ను పరీక్షించాలంటే గుర్తుంచుకోవాల్సిన వోల్టులు ఈ ఐదే. రెండు మూడు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు ఉంటే అన్నీ చూసుకోవచ్చు.

జనగామ జిల్లా చిల్పూర్ లాంటి చోట ఈ లెక్కలు తెలిసి ఉండటం మంచిది. 2016 అక్టోబర్ 11న జిల్లాతో పాటే ఏర్పడిన మండలం ఇది. 2020లో ధరణి పోర్టల్ వచ్చాక సాగుభూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయానికే చేరాయి. స్లాటు బుకింగైనా, కుల ధ్రువీకరణ పత్రమైనా ఏదో ఒక కంప్యూటర్ ముందు ఆగాల్సిందే. అది మొరాయిస్తే సీపీయూను బైకు మీద పెట్టుకుని స్టేషన్ ఘన్‌పూర్‌కో, అక్కడ కాకపోతే హనుమకొండకో పోవాలి. తీరా పోయాక తేలేది ఒక్కోసారి కేబుల్ వదులై ఉందని!

మొదటి అంకె గోడలో ఉంటుంది. మన ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. పాత విద్యుత్ నియమాల ప్రకారం 6 శాతం అటూ ఇటూ కావచ్చు, అంటే 216 నుంచి 244 దాకా. యాసంగిలో ఊరి మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే లైను చివరి ఇళ్లలో వోల్టేజీ ఇంకా పడిపోవడం అందరూ ఎరిగిందే. కంప్యూటర్‌లోని ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై డబ్బా, తక్కువ వోల్టేజీని కొంతవరకు ఓర్చుకుంటుంది. హై వోల్టేజీనే ఓర్చుకోదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. బల్బులు ఒక్కసారిగా తెల్లగా వెలిగి మాడిపోయిన రాత్రి తర్వాత సిస్టమ్ ఆన్ కాకపోతే అనుమానించాల్సింది దీన్నే.

సాకెట్లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 కనిపిస్తే సరిపోదు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎర్తింగ్ లేని ఇంట్లో సీపీయూ డబ్బాను తాకితే చేయి జివ్వుమంటుంది కదా, దానికీ లెక్క ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు కెపాసిటర్లు 230ని సగం చేసి, సుమారు 115 వోల్టులను డబ్బా మీదకు తెస్తాయి. కరెంటు స్వల్పమే కాబట్టి మనిషికి సాధారణంగా ముప్పుండదు. కానీ ఆ స్థితిలో పెన్‌డ్రైవో, వేలిముద్రల పరికరమో గుచ్చితే మదర్‌బోర్డు పోర్టుకు దెబ్బ తగలవచ్చు.

గోడ బాగుంటే ప్లగ్గు పీకేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ పెట్టి చూడండి. వోల్టేజీ ఎగసినప్పుడు కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు తమను తాము కాపాడుకోవడానికి బిగుసుకుపోతాయి. మిగిలిన చార్జి దిగిపోతే తేరుకుంటాయి. తేరుకోకపోతే ప్లగ్గు తీసి, మదర్‌బోర్డు నుంచి 24 పిన్నుల కనెక్టరును ఊడదీయండి. అందులో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దాన్ని పక్కనున్న నల్లతీగతో చిన్న వైరుముక్కతో కలిపి, అప్పుడు కరెంటు ఇవ్వండి. ఫ్యాను తిరిగితే పసుపు తీగ మీద 12, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 వోల్టులు రావాలి. 5 శాతం తేడా చెల్లుతుంది. 12 అనాల్సిన చోట 11.4 కన్నా తక్కువుంటే ఎస్‌ఎంపీఎస్ పని అయిపోయినట్టే. దాన్ని మాత్రం విప్పొద్దు. లోపల 230 ఏసీ కాస్తా 325 వోల్టుల డీసీ అవుతుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది.

“నిన్న రాత్రి దాక మంచిగనే నడిచింది, పొద్దున ఒత్తితే సప్పుడు లేదు” అనే మాటకు జవాబు ఊదా రంగు తీగలో ఉంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, ఆ తీగలో 5 వోల్టులు ఉండాలి. అంటే ఆ భాగానికి ఏడాదికి 8,760 గంటల డ్యూటీ. మామూలు కెపాసిటర్‌కు కంపెనీ చెప్పే ఆయుష్షు 105 డిగ్రీల వేడిలో 2,000 గంటలు. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే అది రెట్టింపవుతుందని ఇంజినీర్ల లెక్క. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్లకు కాస్త పైన. పత్తి నూగు, దుమ్ము పట్టి ఫ్యాను మందగించి, మే నెల ఎండలో 75కు చేరితే అందులో సగమే. ముసలిదైన కెపాసిటర్ నడుస్తున్నంతసేపూ నెట్టుకొస్తుంది, చల్లారాక మళ్లీ లేవలేదు. రాత్రి గోడ స్విచ్ కట్టేసి ఇంటికి పోవాలనేది అందుకే. అలా కట్టేస్తే మదర్‌బోర్డు మీది గడియారం బిళ్ల కాస్త త్వరగా అరుగుతుంది, నిజమే. దాని ఖరీదు యాభై రూపాయల లోపు, అరిగితే అరగనివ్వండి.

ఆ బిళ్ల పేరు సీఆర్2032. అడ్డంగా 20 మిల్లీమీటర్లు, మందం 3.2, వోల్టులు 3. రెండున్నరకు పడిపోతే మార్చేయాల్సిందే. లేకపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి, వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోకుండా మొండికేస్తాయి. బూట్ వరుస చెదిరి విండోస్ దొరకలేదనీ చెప్పవచ్చు. అంతమాత్రాన ఫార్మాట్ కొట్టించుకోవద్దు. ముందు బయోస్‌లో హార్డ్‌డిస్క్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి.

ఫ్యాన్లు తిరిగి తెర నల్లగానే ఉంటే ర్యామ్ తీసి, పూతపిన్నులను రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. డీడీఆర్4లో 288 పిన్నులుంటాయి, వాటి మీద మకిలి పేరుకున్నా తెర రాకపోవచ్చు. ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల వేరే 12 వోల్టుల కనెక్టరు ఉంటుంది, దుమ్ము దులిపాక దాన్ని పెట్టడం మరిచేవాళ్లున్నారు.

కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అవుతుంటే తప్పు కంప్యూటర్‌ది కాకపోవచ్చు. ఏసీ ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. కరెంటు లేకుండా ఎస్‌ఎంపీఎస్ నిలబడగలిగేది 16, 17 మిల్లీసెకన్లే. ఇంటి ఇన్వర్టరు మామూలు మోడ్‌లో ఉంటే అందుకోవడానికి అంతకన్నా ఎక్కువ తీసుకుంటుంది. వెనకున్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌కు తిప్పితే చాలు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 450 వాట్లను నమ్మొద్దు. స్టిక్కరు మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూడండి. 16 అని ఉంటే ఆ తీగలో దొరికేది 192 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు కంప్యూటర్‌కు అదీ ఎక్కువే, కాబట్టి మిగిలే డబ్బును సాకెట్ ఎర్తింగుకు పెట్టండి.